ఎనిమిదో తరగతిలోనే గ్రూపు ఎంచుకోవాలా? అమెరికా పబ్లిక్ హైస్కూళ్ల ప్రత్యేక ప్రోగ్రాముల చిక్కుముడి

అమెరికాలో పిల్లలు ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఒకటి రెండు నెలలకే స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి ఈమెయిళ్లు వరస కడతాయి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) అకాడమీ, ఐబీ, మాగ్నెట్, ఎర్లీ కాలేజీ, హెల్త్ సైన్స్ పాత్‌వే. ఒక్కోదానికి ఒక్కో ఓపెన్ హౌస్, ఒక్కో గడువు. ఇంటర్ చదివి వచ్చిన తెలుగు తల్లిదండ్రులకు వీటిని చూడగానే గ్రూపులు గుర్తొస్తాయి. ఎంపీసీయా బైపీసీయా అన్నట్టే ఇంజనీరింగ్ అకాడమీయా, మెడికల్ అకాడమీయా అని ఇంట్లో తర్జనభర్జన మొదలవుతుంది. తికమకకు మూలం ఈ పోలికే. ఎంపీసీ తీసుకుంటే నీట్ దారి దాదాపు మూసుకున్నట్టే. అమెరికా హైస్కూల్లో ఏ ప్రోగ్రామూ అలా దారి మూయదు. ఇంజనీరింగ్ అకాడమీలో చదివిన అమ్మాయి తర్వాత మెడిసిన్ వైపు వెళ్లొచ్చు. ఏ అకాడమీలోనూ చేరని అబ్బాయి కంప్యూటర్ సైన్స్‌లో సీటు తెచ్చుకోవచ్చు. ప్రోగ్రామ్ కట్టేసేది పిల్లల రోజును. పొద్దున బస్సు ఎన్నింటికి, రోజులో ఎన్ని పీరియడ్లు దానికే పోతాయి, లెక్కల్లో ఏ మెట్టు మీద ఉండాలి, మధ్యలో మానేస్తే చేతిలో ఏం మిగులుతుంది, ఇవీ చూసుకోవాల్సినవి. బ్రోషర్లలో కనిపించనివీ ఇవే.

అకాడమీ అంటే ఏది?

చిక్కంతా పేర్లతోనే వస్తుంది. అకాడమీ అనే మాటకు ఏ చట్టంలోనూ ఒకే అర్థం లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ బోర్డు వెనక కనీసం నాలుగు రకాల ఏర్పాట్లుంటాయి.

మొదటిది విడిగా ఉండే బడి. వర్జీనియా ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలోని థామస్ జెఫర్సన్, న్యూయార్క్‌లోని స్టైవసెంట్, న్యూజెర్సీలోని బెర్గెన్ కౌంటీ అకాడమీస్ ఈ కోవలోవి. ఇక్కడ చేరితే పాత బడితో సంబంధం తెగిపోతుంది. రెండోది బడిలో బడి. మేరీల్యాండ్‌లో మాంట్‌గోమరీ బ్లెయిర్ హైస్కూల్లో నడిచే సైన్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ మాగ్నెట్ ఇలాంటిది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన మాగ్నెట్ పిల్లలూ ఆ పేటలోని మామూలు పిల్లలూ ఒకే భవనంలో ఉంటారు, కొన్ని క్లాసులు మాత్రం వేరు. మూడోది రోజు విడిచి రోజు వెళ్లే కేంద్రం. వర్జీనియా లీస్‌బర్గ్‌లోని అకాడమీస్ ఆఫ్ లౌడన్‌కు వెళ్లే పిల్లలు ఒకరోజు అక్కడ, మర్నాడు ఇంటి చిరునామాను బట్టి వచ్చే తమ బేస్ స్కూల్లో చదువుతారు. ఆటలు, డిప్లొమా బేస్ స్కూలువే. నాలుగోదానికి బడీ మారదు, బస్సూ మారదు. ఉన్న స్కూల్లోనే ఏడాదికో ఎలెక్టివ్ (ఐచ్ఛిక కోర్సు) చొప్పున నాలుగు కోర్సులు వరసగా తీసుకుంటే దానికి పాత్‌వే అనో అకాడమీ అనో పేరు పెడతారు.

ఈ నాలుగో రకం దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. ప్రాజెక్ట్ లీడ్ ద వే అనే సంస్థ తయారుచేసిన ఇంజనీరింగ్, బయోమెడికల్ కోర్సులను దేశవ్యాప్తంగా వేలాది బళ్లు వాడుకుంటున్నాయి. పది మైళ్ల అవతలి అకాడమీలో చెప్పేదీ, ఇంటిపక్క స్కూల్లో ఎలెక్టివ్‌గా చెప్పేదీ ఒకే కోర్సు కావచ్చు. రెండు స్కూళ్ల కోర్స్ క్యాటలాగులు పక్కపక్కన పెట్టుకుని కోర్సుల పేర్లు సరిచూస్తే పావుగంటలో సంగతి తేలిపోతుంది. ఆ పని చేయకుండా దరఖాస్తు చేసేవాళ్లే ఎక్కువ.

పేరు చూసి వెనక్కి తగ్గే పొరపాటూ ఉంది. న్యూజెర్సీలో పేరున్న అకాడమీలు చాలావరకు కౌంటీ వొకేషనల్ డిస్ట్రిక్టుల కిందే నడుస్తాయి. లింక్రాఫ్ట్‌లోని హై టెక్నాలజీ హైస్కూల్ మన్‌మత్ కౌంటీ వొకేషనల్ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, బెర్గెన్ అకాడమీస్ ఆ కౌంటీ టెక్నికల్ స్కూల్స్ డిస్ట్రిక్ట్‌ది. వొకేషనల్ అనగానే ఐటీఐ కళ్లముందు మెదిలి ఈమెయిల్ మూసేసినవాళ్లు, రాష్ట్రంలోనే గట్టి పోటీ ఉన్న బడిని చూడకుండానే వదిలేసినట్టు.

మాగ్నెట్ అనే మాటది ఇంకో కథ. అది చదువు స్థాయిని చెప్పే మాట కాదు. 1970ల్లో నల్లజాతి పిల్లలు, తెల్లజాతి పిల్లలు వేర్వేరు బళ్లకు పరిమితం కాకుండా చూడటానికి, బలవంతంగా బస్సుల్లో తరలించే బదులు అయస్కాంతంలా ఆకర్షించే కోర్సులు పెట్టి పిల్లల్ని దూరం నుంచి రప్పించాలన్న ఆలోచనలోంచి ఈ బళ్లు పుట్టాయి. అందుకే నేటికీ చాలా మాగ్నెట్లలో సీట్లు లాటరీ మీదే ఇస్తారు. ఒక ఊళ్లో మాగ్నెట్ అంటే మార్కులు చూసి ఎంపిక చేసేది, పక్క ఊళ్లో చీటీ తీసి ఇచ్చేది. లాటరీ మాగ్నెట్ కోసం పిల్లవాణ్ణి ఆరు నెలలు కోచింగ్‌కు తిప్పడం అక్కరలేని శ్రమ.

ఐబీ, ఏపీ, కాలేజీ క్రెడిట్

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) బళ్ల పేర్లు కావు, సిలబస్ పద్ధతులు. ఏపీ విడి వస్తువులు అమ్మే కొట్టులాంటిది. కాలేజ్ బోర్డ్ నడిపే ఈ కాలేజీ స్థాయి పరీక్షలు మే నెలలో జరుగుతాయి, స్కోరు 1 నుంచి 5 వరకు. కావలసిన సబ్జెక్టు తీసుకోవచ్చు, వద్దనుకున్నది వదిలేయొచ్చు. స్కూల్లో ఆ కోర్సు లేకపోయినా సొంతంగా చదివి పరీక్ష రాయొచ్చు.

ఐబీ డిప్లొమా ఫుల్ మీల్స్. 11, 12 తరగతుల్లో ఆరు సబ్జెక్టులు, అందులో సాధారణంగా మూడు హయ్యర్ లెవెల్, మూడు స్టాండర్డ్ లెవెల్. హయ్యర్‌కు 240 బోధన గంటలు, స్టాండర్డ్‌కు 150. వీటికి తోడు 4,000 పదాల వరకు సాగే పరిశోధనా వ్యాసం, థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే కోర్సు, క్యాస్ అని పిలిచే సృజనాత్మక, శారీరక, సేవా కార్యక్రమాలు. సబ్జెక్టుకు 7 చొప్పున 42, వ్యాసానికీ థియరీకీ కలిపి 3, మొత్తం 45 పాయింట్లు. డిప్లొమాకు కనీసం 24 రావాలి, దానితోపాటు మరికొన్ని షరతులూ ఉన్నాయి. రాయడం, చదవడం ఇష్టమైన పిల్లలకు ఇది చక్కగా అమరుతుంది. సైన్సులు మూడూ ఒకేసారి లోతుగా చదవాలనుకునే పిల్లవాడికి మాత్రం ఇరుకు. మాతృభాష సాహిత్యం, మరో భాష, సాంఘిక శాస్త్రాలు, లెక్కలు తప్పనిసరి కాబట్టి సైన్సులకు మిగిలేది మహా అయితే రెండు గదులు. అమెరికా యూనివర్సిటీల్లో చాలావాటిలో కాలేజీ క్రెడిట్ (ఆ కోర్సు కాలేజీలోనే చేసినట్టు లెక్క) హయ్యర్ లెవెల్ స్కోర్లకే దక్కుతుంది. ఏపీతో పోల్చేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

తొమ్మిదో తరగతిలోనే ఐబీలో చేరాం అనుకునేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి. 9, 10 తరగతుల్లో నడిచేది మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామో, లేదంటే డిస్ట్రిక్ట్ సొంతంగా పెట్టుకున్న ప్రీ ఐబీనో. అసలు డిప్లొమా 11లోనే మొదలవుతుంది. కొన్ని బళ్లలో ప్రీ ఐబీలో లేకపోయినా పదో తరగతి చివర్లో డిప్లొమాలో చేరనిస్తారు. ఆ వెసులుబాటు ఉంటే ఎనిమిదో తరగతిలో హడావుడి పడాల్సిన పనే లేదు.

ఎర్లీ కాలేజీ, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అనేవి హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చేయించే పద్ధతులు. చాలాచోట్ల ఫీజు ఉండదు, ఉన్నా నామమాత్రం. పైకి బంగారంలా కనిపిస్తుంది. కానీ ఆ గ్రేడు శాశ్వత మార్కుల పట్టిక అయిన కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడుతుంది, చెరగదు. పదిహేనేళ్ల వయసులో తెచ్చుకున్న సీ గ్రేడు, ఏడేళ్ల తర్వాత మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసేటప్పుడు కూడా చూపించాలి. హైస్కూల్లో ఉండగా చేసినవాటితో సహా కాలేజీ కోర్సులన్నీ చూపాలన్నది అక్కడి నిబంధన. ఏపీ పరీక్షలో 2 వస్తే ఆ స్కోరు పంపకుండా ఊరుకోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పైగా ఈ క్రెడిట్లను ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలు తీసుకున్నంత సులువుగా పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు తీసుకోవు.

ఇరవై ఎనిమిది గళ్ల కాగితం

ప్రోగ్రామ్ సరిపడుతుందా లేదా తేల్చుకోవడానికి ఒక తెల్లకాగితం చాలు. రోజుకు ఏడు పీరియడ్లుండే బడి అనుకుంటే, నాలుగేళ్లకు 28 గళ్లు. కాలేజీకి వెళ్లే పిల్లలకు ఇంగ్లిష్ 4, లెక్కలు 4, సైన్స్ 4, సోషల్ 4, విదేశీ భాష 3, పీఈ, హెల్త్ కలిపి 2, ఫైన్ ఆర్ట్స్ 1. మొత్తం 22. మిగిలినవి ఆరు గళ్లు.

ఇంజనీరింగ్ పాత్‌వే ఏడాదికి ఒకటి చొప్పున నాలుగు తీసుకుంటుంది. రెండు మిగిలాయి. అదే పిల్లవాడు ఆరో తరగతి నుంచి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తున్నాడనుకుందాం. నాలుగేళ్లూ కొనసాగించాలంటే ఫైన్ ఆర్ట్స్ గడి ఒకటి ఎలాగూ ఉంది, ఇంకా మూడు కావాలి. నాలుగూ మూడూ ఏడు, ఉన్నవి ఆరు. ఒక్క గడి తక్కువైంది. పదకొండో తరగతిలో వయొలిన్ ఎందుకు మానేశాడని అప్పుడు ఆశ్చర్యపోతే ఏం లాభం, సంగతి ఎనిమిదో తరగతి కాగితం మీదే ఉంది. కొన్ని డిస్ట్రిక్టుల్లో హెల్త్, పీఈ వేసవిలో ఆన్‌లైన్లో పూర్తిచేయనిస్తారు, అలా ఒక గడి ఖాళీ అవుతుంది. మరికొన్నిచోట్ల బడి మొదలవకముందే జీరో పీరియడ్ ఉంటుంది. ఏది కుదురుతుందో కౌన్సెలర్‌ను ముందే అడగాలి. హెల్త్ సైన్స్ పాత్‌వేల్లో చివరి రెండేళ్లు ఆసుపత్రి శిక్షణ కోసం రెండేసి పీరియడ్లు తీసుకునేవి ఉంటాయి. అప్పుడు ఆరు గళ్లూ వాటికే సరి. నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ రావచ్చు, రోగుల మధ్య పనిచేసిన అనుభవమూ మంచిదే. మెడికల్ స్కూళ్లు మాత్రం హైస్కూల్లో ఫలానా పాత్‌వే చేసి ఉండాలని అడగవు.

దూరాన్నీ ఇలాగే అంకెల్లో చూడాలి. బేస్ స్కూలుకంటే రానుపోను గంట ఎక్కువ పడితే, 180 పనిదినాలకు ఏడాదికి 180 గంటలు, నాలుగేళ్లకు 720. పైగా మాగ్నెట్ బస్సులు చాలాచోట్ల ఇంటిముందు ఆగవు, ఒక్కో పేటకు ఒక స్టాపు పెడతారు, అక్కడిదాకా దించాల్సింది తల్లిదండ్రులే. సాయంత్రం క్లబ్బులో ఆగిపోతే లేట్ బస్సు ఉందా అన్నది ఓపెన్ హౌస్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి.

లెక్కల మెట్లు

స్టెమ్ ప్రోగ్రాముల్లో సగం చిక్కులు లెక్కల దగ్గరే వస్తాయి. వరస ఇది: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 పూర్తయితే పన్నెండులో కాల్క్యులస్ అందుతుంది. చాలా స్టెమ్ ప్రోగ్రాములకు ఇదే కనీస అర్హత. థామస్ జెఫర్సన్‌కు దరఖాస్తు చేయాలన్నా ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చదువుతూ ఉండాలి. అంటే అసలు నిర్ణయం ఆరో తరగతి చివర్లో, ఏడులో ఏ లెక్కల క్లాసు అని ఫారం నింపినప్పుడే జరిగిపోయింది. ఆ ఫారాన్ని చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు.

తొందరపడి ముందుకు తోసినవాళ్లకు ఇంకో రకం ఇబ్బంది. వేసవిలో జామెట్రీ ముగించేసి ఒక మెట్టు దూకిన పిల్లవాడు పదిలోనే ప్రీకాల్క్యులస్, పదకొండులో కాల్క్యులస్ బీసీ (ఏపీ కాల్క్యులస్‌లో పై స్థాయి) చేస్తాడు. పన్నెండులో ఏం చదవాలి? మల్టీవేరియబుల్, లీనియర్ ఆల్జీబ్రా చెప్పే బడి అయితే మంచిదే. లేకపోతే కమ్యూనిటీ కాలేజీకి పరుగెత్తాలి. ఐబీ బడిలో అయితే రెండేళ్లూ లెక్కలు తీసుకోవాల్సిందే, తెలిసిందే మళ్లీ వినాల్సి రావచ్చు. ఐబీలో లెక్కలు రెండు రకాలు: అనాలిసిస్ అండ్ అప్రోచెస్, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్. ఇంజనీరింగ్ మీద మనసున్న పిల్లలకు మొదటిదాంట్లో హయ్యర్ లెవెల్ సరైనది. బడిలో ఆ లెవెల్ క్లాసు ప్రతి ఏడాదీ నడుస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

సీటు ఎలా ఇస్తారు

ఎంపిక పద్ధతి తెలియకుండా సిద్ధమవడం మొదటికే మోసం. థామస్ జెఫర్సన్‌నే చూడండి. ఒకప్పుడు ప్రవేశ పరీక్షే కీలకం. 2020 చివర్లో ఫెయిర్‌ఫ్యాక్స్ స్కూల్ బోర్డు ఆ పరీక్షనూ 100 డాలర్ల దరఖాస్తు రుసుమునూ తీసేసింది. ఇప్పుడు 550 సీట్లలో కొంతభాగాన్ని ముందుగా ఒక్కో పబ్లిక్ మిడిల్ స్కూలుకు, దాని ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతం చొప్పున కేటాయిస్తారు. మిగిలినవి అందరికీ. గ్రేడ్ల సగటు (జీపీఏ) కనీసం 3.5 ఉండాలి, వ్యాసాలు రాయాలి. ఈ మార్పుపై కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2023లో అప్పీళ్ల కోర్టు బోర్డు పక్షాన తీర్పిచ్చింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది. ఇంత జరిగాక కూడా పాత పరీక్ష పుస్తకాలతో పిల్లల్ని రుద్దడంలో అర్థం లేదు. ముందు పోటీ సొంత మిడిల్ స్కూల్లోనే.

న్యూయార్క్‌లో దీనికి పూర్తిగా భిన్నం. ఎనిమిది స్పెషలైజ్డ్ హైస్కూళ్లకు ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ అనే ఒక్క పరీక్ష స్కోరే ప్రమాణం. స్టైవసెంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్ విషయంలో ఈ నిబంధన 1971 నాటి రాష్ట్ర చట్టంలోనే ఉంది. లాగార్డియా కళల బడికి మాత్రం ఆడిషన్. స్కోరు తెలియకముందే ఏ బడి మొదటి ఎంపిక, ఏది రెండో ఎంపిక అన్నది రాసివ్వాలి. తల్లిదండ్రులు అతితెలివికి పోయి దెబ్బతినేది ఇక్కడే. స్కోరు ఎక్కువ వచ్చినవాళ్లతో మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ వాళ్ల వరసలో ఖాళీ ఉన్న మొదటి బడిని ఇచ్చుకుంటూ వెళతారు. మనసులో స్టైవసెంట్ ఉంచుకుని, ఎందుకైనా మంచిదని బ్రూక్లిన్ టెక్ మొదట రాస్తే, స్టైవసెంట్‌కు సరిపడా స్కోరు వచ్చినా దక్కేది బ్రూక్లిన్ టెక్కే. స్టైవసెంట్‌ను మొదట రాసి స్కోరు చాలకపోతే రెండో బడికి అవకాశం ఏమాత్రం తగ్గదు. ఒక్క స్టైవసెంటే రాసి ఊరుకుంటే మాత్రం స్కోరు కొంచెం తగ్గినా ఎనిమిదింటిలో ఏదీ రాదు.

న్యూయార్క్ మామూలు హైస్కూళ్ల కేటాయింపులోనూ ఇష్టం ఉన్న వరసలోనే రాయడం మంచిది. అక్కడి పద్ధతిని 2003 ప్రాంతంలో తిరగరాసినవారిలో, తర్వాత 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఆల్విన్ రాత్ ఒకరు. కానీ అన్ని డిస్ట్రిక్టులూ ఇదే పద్ధతి వాడవు. కొన్నిచోట్ల మొదటి ఎంపికగా రాసినవాళ్లందరికీ ముందు సీట్లు పంచేసి, మిగిలితేనే రెండో ఎంపికవాళ్లను చూస్తారు. అక్కడ ఆశకొద్దీ అందని బడిని మొదట పెడితే, అందే బడి కూడా చేజారుతుంది. మొదట రాసినవాళ్లకు ప్రాధాన్యం ఉందా అని డిస్ట్రిక్ట్ ఆఫీసును ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఫారం ఎలా నింపాలో తెలిసిపోతుంది.

ర్యాంకు, జీపీఏ, ఎండార్స్‌మెంట్

టెక్సస్‌లో చిక్కు వేరే రూపంలో ఉంటుంది. 2013 నాటి హౌస్ బిల్ 5 ప్రకారం తొమ్మిదిలో చేరేటప్పుడు ప్రతి పిల్లవాడూ తాను ఎక్కువ కోర్సులు చేయబోయే రంగాన్ని సూచించే ఒక ఎండార్స్‌మెంట్ రాసివ్వాలి: స్టెమ్, బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. ఇది అచ్చం ఇంటర్ గ్రూపులా కనిపించడంతో ఇళ్లల్లో కంగారు. నిజానికి ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఒకటికి మించీ పూర్తిచేయొచ్చు. మామూలు డిప్లొమాకు 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో 26. హెల్త్ సైన్స్ కోర్సులు స్టెమ్ కింద కాక పబ్లిక్ సర్వీస్ కింద వస్తాయి. డాక్టర్ కావాలనుకునే పిల్లకు పబ్లిక్ సర్వీస్ అని రాసివ్వడానికి చెయ్యి రాదు చాలామందికి. కానీ కాలేజీలు చూసేది కోర్సులను.

అక్కడ నిజంగా బుర్ర పెట్టాల్సింది ర్యాంకు మీద. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలు తరగతిలో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లకు నేరుగా సీటివ్వాలి. యూటీ ఆస్టిన్‌కు మాత్రం ఈ హద్దు 2026 ప్రవేశాల నుంచి 5 శాతం. అందరూ ఆరితేరినవాళ్లే ఉన్న బడికి మారితే చదువు బాగుండొచ్చు, ర్యాంకు పడిపోవచ్చు. ప్రోగ్రామ్ పిల్లలకు ర్యాంకు ఏ బడి లెక్కలో వేస్తారన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు. కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపే వెయిటెడ్ జీపీఏ సంగతీ అంతే, ఏపీకి అదనంగా 1 కలిపే డిస్ట్రిక్టులున్నాయి, ఇంకోలా లెక్కించేవీ ఉన్నాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ అయితే స్కూలు వేసిన జీపీఏను పక్కనపెట్టి తానే లెక్కగడుతుంది, అదనపు పాయింట్లను ఎనిమిది సెమిస్టర్లకే పరిమితం చేస్తుంది.

చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో కౌన్సెలర్ నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది: ఈ విద్యార్థి కోర్సులు ఈ బడిలోని మిగతావాళ్లతో పోలిస్తే ఎంత కఠినమైనవి? పోలిక ఆ బడి లోపలే. ఐబీ బడిలో చేరి డిప్లొమా వదిలేసి తేలిక కోర్సులు తీసుకున్నవాడికంటే, మామూలు బడిలో ఉన్న కష్టమైన కోర్సులన్నీ తీసుకున్నవాడికే ఆ గడిలో మంచి మాట పడుతుంది.

ఊరు మారితే, మధ్యలో మానేస్తే

హెచ్1బీ మీద ఉన్న కుటుంబాలకు ఈ ప్రశ్న తప్పదు. ఉద్యోగం మారితే ఊరు మారుతుంది. మాగ్నెట్ సీటు ఆ డిస్ట్రిక్ట్ నివాసానికి కట్టి ఉంటుంది, చిరునామా పోతే సీటూ పోతుంది. పదకొండో తరగతి తర్వాత ఊరు మారితే ఐబీ డిప్లొమాను సగంలో అందుకునే బడి దొరకడం కష్టం, సబ్జెక్టులు, లెవెళ్లు అన్నీ కలవాలి. ఏపీలు అయితే రాసినవి రాసినట్టే మిగులుతాయి. కదలిక తప్పదనుకునే ఇంటికి ఏపీ బలంగా ఉన్న మామూలు హైస్కూలే నిలకడైన ఎంపిక.

పిల్లలు ఉండలేక వెనక్కి వచ్చేస్తే ఏమవుతుందన్నది సీటు ఒప్పుకునే ముందే తెలుసుకోవాలి. బేస్ స్కూలుకు తిరిగి వచ్చే హక్కు సాధారణంగా ఉంటుంది. కానీ సెమిస్టర్ మధ్యలో వస్తే అక్కడి క్లాసులు అప్పటికే నిండిపోయి ఉంటాయి, ప్రోగ్రామ్‌లో చదువుతున్న కోర్సు బేస్ స్కూల్లో ఉండకపోవచ్చు, దాంతో దాని క్రెడిట్ సగంలో ఆగిపోవచ్చు. ఏ తేదీలోగా మానేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద మచ్చ పడదో స్కూలు హ్యాండ్‌బుక్‌లో రాసి ఉంటుంది. ఓపెన్ హౌస్‌లో ప్రిన్సిపాల్‌ను ఇంకో రెండు అడగొచ్చు. తొమ్మిదిలో ఎంతమంది చేరారు, వాళ్లలో పన్నెండు దాకా ఎంతమంది ఉన్నారు? ప్రోగ్రామ్‌లోని కీలకమైన కోర్సును ఎంతమంది టీచర్లు చెబుతున్నారు? ఒక్కరే అని జవాబు వస్తే, ఆ ఒక్కరూ రిటైరయ్యే ఏడాది ఎప్పుడో కనుక్కోవడం కూడా మర్యాద తక్కువేం కాదు.